నిషేధించిన ఆటకు మైదానంలో ప్రచారం ఎలా సాగింది?

2024 డిసెంబర్ 28న మెల్‌బోర్న్ టెస్టులో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టాడు. ఒక మోకాలు నేలకు ఆనించి, బ్యాట్ నిలబెట్టి, దాని పిడికి హెల్మెట్ తగిలించాడు. గ్యాలరీలో తండ్రి ఏడ్చేశారు. ఆ రోజు ఆ ఫొటో రాని తెలుగు వాట్సాప్ గ్రూపు ఉండి ఉండదు. నితీశ్ వేసుకున్న తెల్ల జెర్సీ మీద, సరిగ్గా ఛాతీకి అడ్డంగా, పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు డ్రీమ్11. అసలు మ్యాచ్ ఆటగాళ్ల నుంచి సొంత జట్టును ఎంచుకుని పోటీపడే ఫాంటసీ క్రికెట్ యాప్ అది. ఆ యాప్‌లో డబ్బు కట్టి ఆడటం తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం. ఈ రెండు రాష్ట్రాల వాళ్లు డబ్బు పోటీల్లో చేరడానికి వీల్లేదని ఆ కంపెనీయే తన నిబంధనల్లో రాసుకుంది.

అంతకు రెండున్నర నెలల ముందు, అక్టోబర్ 12న, ఉప్పల్ స్టేడియంలో మన జట్టు బంగ్లాదేశ్ మీద 20 ఓవర్లలో 297 పరుగులు చేసింది. సంజు శాంసన్ 47 బంతుల్లో 111 కొట్టాడు. ఆ రోజు కూడా పదకొండు మంది జెర్సీల మీదా అదే పేరు. హైదరాబాద్‌లో కూర్చుని ఆడటానికి వీల్లేని ఆటకు హైదరాబాద్‌లోనే, నిండు స్టేడియంలో, టీవీల్లో చూస్తున్న కోట్ల మంది ముందు ప్రచారం జరిగింది. ఏ పోలీసు అధికారీ అడ్డు చెప్పలేదు. చెప్పాలన్నా ఏ సెక్షన్ కింద చెప్పాలో తేలని పరిస్థితి.

ఆట తప్పయినప్పుడు దాని ప్రకటన ఎలా ఒప్పయింది? ఇది తేలాలంటే ముందు మూడు విషయాలు విడివిడిగా చూడాలి.

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో జూదం, పందేలు రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. అందుకే ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తనకు తోచిన చట్టం చేసుకుంది. టీవీ, ఇతర ప్రసారాలు మాత్రం కేంద్రం జాబితాలో 31వ అంశం. మన జట్టు జెర్సీ ఒప్పందం ముంబైలో ఉన్న బీసీసీఐ చేతిలో. ఆటను ఆపే అధికారం ఒకరిది, దాన్ని చూపించే తెర మీద అధికారం ఇంకొకరిది, జెర్సీ మీద పేరు అమ్ముకునే హక్కు మూడో వాళ్లది. ఈ ముగ్గురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకున్న సందర్భం చాలాకాలం రాలేదు.

రెండోది నైపుణ్యం, అదృష్టం అనే పాత వాదన. దీని మూలం మన దగ్గరే ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్బులో పేకాట మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో ప్రధానంగా ఉండేది నైపుణ్యమేనని 1968లో కోర్టు చెప్పింది. ఆ తీర్పు నీడలోనే యాభై ఏళ్ల తర్వాత ఆన్‌లైన్ రమ్మీ, ఫాంటసీ క్రికెట్ పెరిగాయి. ఫాంటసీ ఆటలో జట్టును ఎంచుకోవడం నైపుణ్యమని 2017లో పంజాబ్-హరియాణా హైకోర్టు కూడా అంది. నైపుణ్యమైతే జూదం కాదు, జూదం కానప్పుడు ప్రకటనకు అడ్డేముంది అని కంపెనీలు వాదించాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ తమ 1974 గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటకు నైపుణ్యం పేరుతో ఉన్న మినహాయింపు తీసేశాయి. మిగతా చాలా రాష్ట్రాల్లో మినహాయింపు అలాగే ఉండిపోయింది. దేశమంతా ఒకేసారి చూసే మ్యాచ్‌లో రెండు రాష్ట్రాల నిషేధాన్ని పట్టించుకునేదెవరు?

మూడోదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ నా దృష్టిలో అసలైంది అదే. జెర్సీ మీద లోగో మామూలు ప్రకటన లాంటిది కాదు. డబ్బు పెట్టి ఆడే గేముల ప్రకటనలకు ప్రకటనల ప్రమాణాల మండలి, అంటే ఆస్కీ, 2020 డిసెంబర్‌లో నియమాలు పెట్టింది. ఈ ఆటలో ఆర్థిక నష్టం ఉండొచ్చు, ఇది వ్యసనంగా మారొచ్చు అన్న హెచ్చరిక ఉండాలంది. అచ్చులో వేసే ప్రకటనలో ఆ హెచ్చరికకు కనీసం ఇరవై శాతం చోటు కేటాయించాలంది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు ఆడుతున్నట్టు చూపించకూడదంది. టీవీలో ప్రకటన చివర గుక్క తిప్పుకోకుండా చదివే ఆ వాక్యం అందరూ విన్నదే. మరి జెర్సీ మీద హెచ్చరిక ఎక్కడ ఉంది? పేరు ఒక్కటే. టీవీలో ప్రకటన వస్తే చానల్ మార్చొచ్చు, మ్యూట్ చేయొచ్చు. జెర్సీ మీది పేరును తప్పించుకోవాలంటే మ్యాచ్ చూడటమే మానేయాలి. కోహ్లీ కవర్ డ్రైవ్ చూసిన ప్రతిసారీ అది కంట్లో పడుతుంది. పదేళ్ల పిల్లాడికి అది ప్రకటన అని కూడా తోచదు. టీమిండియా అంటే ఆ పేరు కూడా అనుకుంటాడు, కొనిపించుకున్న జెర్సీ వేసుకుని బడికి వెళ్తాడు. కంపెనీ అన్ని కోట్లు పోసి కొనుక్కునేది బట్ట మీద జానెడు చోటును కాదు, మన జట్టు మీద మనకున్న నమ్మకాన్ని.

ఈ పద్ధతి డ్రీమ్11తో మొదలవలేదు. 2020 చివర్లో నైకీ తప్పుకున్నాక టీమిండియాకు కిట్లు ఇచ్చింది ఎంపీఎల్. డబ్బు గేముల కంపెనీయే బట్టల బ్రాండ్ పెట్టి జెర్సీ మీదికి ఎక్కింది. అదే ఏడాది వివో పక్కకు జరిగితే ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్‌గా వచ్చింది డ్రీమ్11. 2023 జులైలో బైజూస్ స్థానంలో జట్టు ప్రధాన స్పాన్సర్ అయింది. మూడేళ్లకు సుమారు 358 కోట్ల రూపాయల ఒప్పందం.

2025 ఆగస్టులో లెక్క మారిపోయింది. ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహం, నియంత్రణ బిల్లును లోక్‌సభ 20న, రాజ్యసభ 21న ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకం పడింది. ఆట నైపుణ్యమైనా అదృష్టమైనా ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడేదైతే నిషేధమేనని ఆ చట్టం తేల్చేసింది. అలాంటి ఆట నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటన ఇస్తే రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. ఆడిన వాళ్లకు శిక్ష లేదు, వాళ్లను బాధితులుగానే చూసింది. ఏటా 45 కోట్ల మంది సుమారు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వం తన అంచనా చెప్పింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఒక రమ్మీ సంస్థతో సహా కొన్ని కంపెనీలు చట్టాన్ని కోర్టుల్లో సవాలు చేశాయి. డ్రీమ్11 డబ్బు పోటీలు ఆపేసింది, బీసీసీఐ ఒప్పందం నుంచి తప్పుకుంది. సెప్టెంబర్‌లో యూఏఈలో జరిగిన ఆసియా కప్‌లో మనవాళ్లు స్పాన్సర్ పేరు లేని జెర్సీలతోనే దిగారు, కప్పు గెలిచారు.

జూదం స్పాన్సర్లను తీసేస్తే ఆటకు డబ్బెక్కడిది అని అడిగేవాళ్లకు ఆ తర్వాత జరిగిందే జవాబు. బీసీసీఐ కొత్త టెండర్ పిలిచింది. డబ్బు గేములు, బెట్టింగ్, క్రిప్టో, మద్యం, పొగాకు కంపెనీలు రావొద్దని అందులో రాసింది. అపోలో టైర్స్ 2028 మార్చి దాకా, అంటే రెండున్నరేళ్లకు, 579 కోట్లు పెట్టింది. పాత ఒప్పందం కంటే కాలం తక్కువ, డబ్బు ఎక్కువ. పొగాకు విషయంలోనూ ఇదే చూశాం. 1996 ప్రపంచకప్ పేరే విల్స్ వరల్డ్ కప్. సచిన్ తరం జెర్సీల మీద ఉన్నది సిగరెట్ పేరే. 2001లో ఆ స్పాన్సర్ తప్పుకుంటే సహారా వచ్చింది, 2003లో పొగాకు ప్రకటనల మీద చట్టం వచ్చింది. క్రికెట్‌కు ఏ లోటూ రాలేదు. అయితే ఒక మాట నిజాయతీగా ఒప్పుకోవాలి. టీమిండియా జెర్సీకి క్యూ కట్టే కంపెనీలు జిల్లా కబడ్డీ టోర్నీకి రావు. నిషేధం దెబ్బ తగిలితే చిన్న ఆటలకు, చిన్న సంఘాలకు తగులుతుంది. ఆ లోటు ఎవరు పూడుస్తారో ప్రభుత్వం చెప్పాలి. ఆ లోటును సాకుగా చూపించి బెట్టింగ్ డబ్బును వెనక్కి రానివ్వడం మాత్రం కుదరదు.

ఇక దొడ్డిదారి సంగతి. నిషేధం రాసేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

బెట్టింగ్ యాప్ తన అసలు పేరుతో ప్రకటన ఇవ్వలేనప్పుడు అదే పేరుకు చిన్న తోక తగిలించి ఒక వార్తల సైటు పెడుతుంది. స్కోర్లు, నాలుగు మ్యాచ్ రిపోర్టులు, అంతే సరుకు. లోగో అదే, రంగు అదే, అక్షరాల తీరు అదే. ప్రకటన వార్తల సైటుకు ఇస్తున్నట్టు కాగితం మీద ఉంటుంది. చూసినవాడు ఫోన్‌లో వెతికితే తేలేది బెట్టింగ్ సైటే. 2022 అక్టోబర్ 3న కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్లకు, డిజిటల్ మీడియాకు ఇచ్చిన సలహా పత్రంలో ఫెయిర్‌ప్లే, పరిమ్యాచ్, బెట్‌వే, వుల్ఫ్777, 1ఎక్స్‌బెట్ పేర్లు రాసి మరీ ఈ ఎత్తును బయటపెట్టింది. వార్తల సైట్ల లోగోలు బెట్టింగ్ సైట్ల లోగోల్లాగే ఉన్నాయని చెప్పింది. 1ఎక్స్‌బెట్‌లో ఒక్క అక్షరం మార్చి 1ఎక్స్‌బ్యాట్ అని రాసిన ప్రకటనలు మనం చూడలేదా?

ఈ ఎత్తును ఒక బోర్డు గట్టిగా ఎదుర్కొన్న సందర్భం పక్క దేశంలోనే ఉంది. 2022 ఆగస్టులో షకీబ్ అల్ హసన్ బెట్‌విన్నర్ న్యూస్ అనే సంస్థతో ఒప్పందం చేసుకున్నట్టు ప్రకటించాడు. బంగ్లాదేశ్‌లో జూదం చట్టవిరుద్ధం. అది వార్తల సైటే కదా అన్న వాదనను అక్కడి బోర్డు ఒప్పుకోలేదు. ఒప్పందమో, జట్టో తేల్చుకోమంది. దేశంలోనే అతిపెద్ద ఆటగాడు ఒప్పందం వదులుకున్నాడు. ఆ వెంటనే ఆసియా కప్‌కు కెప్టెన్‌గా అతణ్నే ప్రకటించారు. బోర్డు గట్టిగా అనుకుంటే ఇది రోజుల్లో తేలిపోయే పని.

ఇటలీలో దీనికి పూర్తిగా తలకిందులు. 2018లో అక్కడి ప్రభుత్వం 'డిగ్నిటీ డిక్రీ' పేరుతో జూదం ప్రకటనలన్నీ నిషేధించింది. 2019లో స్పాన్సర్‌షిప్‌లు కూడా ఆగిపోయాయి. కాగితం మీద యూరప్‌లోకెల్లా కఠినమైన నిషేధాల్లో అదొకటి. 2024-25 సీజన్‌కు వచ్చేసరికి ఫుట్‌బాల్ క్లబ్బు ఇంటర్ మిలాన్ జెర్సీ మీద బెట్‌సన్ డాట్ స్పోర్ట్ అన్న పేరు కనిపించింది. బెట్టింగ్ కంపెనీ పేరు పక్కన 'స్పోర్ట్' అని చేర్చితే అది క్రీడా వినోద సైటు అయిపోయింది. నిషేధం 'జూదం ప్రకటన' దగ్గర ఆగిపోతే వచ్చే ఫలితం ఇదే. నిషేధించాల్సింది ఆ పేరును, ఆ గుర్తును.

ఇలా రాయడానికి మనకు కొత్త భాష కూడా అక్కర్లేదు. మన పొగాకు చట్టం నియమాల్లోనే ఉంది. పొగాకు ఉత్పత్తి పేరును వేరే వస్తువు, సేవ, కార్యక్రమం ప్రచారానికి వాడుకున్నా అది పరోక్ష ప్రకటన కిందికే వస్తుంది. ఆ వాక్యంలో పొగాకు ఉన్నచోట డబ్బు గేములు, బెట్టింగ్ అని పెడితే చాలు. 2025 చట్టంలో నేరుగా గానీ పరోక్షంగా గానీ ప్రోత్సహించే ప్రకటన అన్న మాట ఉంది, అది మంచిదే. కానీ పరోక్షం అంటే ఏమిటో విడమరిచి రాయకపోతే ప్రతి కేసులోనూ లాయర్లు మళ్లీ మొదటికి వస్తారు. అదే పేరుతో రేపు ఉచిత గేమో, స్కోర్ల యాప్‌నో జెర్సీ మీదికి తెస్తే ఏం చేయాలి అన్న ప్రశ్న ఊహాజనితం ఏమీ కాదు. మద్యం కంపెనీలు సోడా, మ్యూజిక్ సీడీల పేరుతో దశాబ్దాలుగా చేసింది అదే. ఐపీఎల్‌లో బెంగళూరు జట్టు పేరే ఒక విస్కీ పేరును గుర్తు చేస్తుంది.

ఇంగ్లండ్ కథ వేరు. అక్కడ బెట్టింగ్ చట్టబద్ధం, లైసెన్సు ఉంటుంది. పిల్లల సైజు జెర్సీల మీద జూదం లోగో వేయకూడదని పరిశ్రమే 2007లో నియమం పెట్టుకుంది. తండ్రి జెర్సీ మీద పేరు ఉంటుంది, పక్కనే కూర్చున్న కొడుకు జెర్సీ మీద ఖాళీ. ఇద్దరూ చూసే ఆటగాడి ఛాతీ మీద మాత్రం పేరు ఉంటుంది. 2024-25 సీజన్‌లో అక్కడి ఫుట్‌బాల్ పోటీ ప్రీమియర్ లీగ్‌లోని 20 క్లబ్బుల్లో 11 క్లబ్బుల జెర్సీల ముందు భాగం బెట్టింగ్ కంపెనీలదే. జెర్సీ ముందు భాగం నుంచి తీసేస్తామని క్లబ్బులు 2023 ఏప్రిల్‌లో తమంతట తామే ఒప్పుకున్నాయి. 2025-26 సీజన్‌ను చివరిదిగా పెట్టుకున్నాయి. భుజం మీద, బౌండరీ దగ్గరి ఎల్‌ఈడీ బోర్డుల మీద మాత్రం ఉండొచ్చన్నారు. పెనాల్టీ కొట్టేటప్పుడు కెమెరాకు గోల్ వెనక బోర్డే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి ఇది సగం పనే.

ఆ దేశంలో నన్ను బాగా కలవరపెట్టింది ఇవాన్ టోనీ ఉదంతం. బ్రెంట్‌ఫర్డ్ ఫుట్‌బాల్ క్లబ్బు స్ట్రైకర్. జెర్సీ మీద హాలీవుడ్‌బెట్స్ అన్న బెట్టింగ్ కంపెనీ పేరు వేసుకుని వారం వారం ఆడాడు. బెట్టింగ్ నియమాలను 232 సార్లు ఉల్లంఘించినట్టు ఒప్పుకున్నాడు. 2023 మేలో అతని మీద ఎనిమిది నెలల నిషేధం పడింది. అతనికి జూదం వ్యసనం ఉందని విచారణలో వైద్యుడు చెప్పాడు. ఆటగాడు పందెం కాయకూడదన్న నియమం ఉండాల్సిందే. మరి అదే ఆటగాణ్ని పందెం కంపెనీకి బోర్డుగా నిలబెట్టినవాళ్ల బాధ్యత ఎంత? జెర్సీ మీద ఏ పేరు ఉండాలో ఆటగాణ్ని ఎవరూ అడగరు. దక్షిణాఫ్రికా ఆటగాడు హషీమ్ ఆమ్లా తన జెర్సీ మీద బీరు కంపెనీ లోగో వద్దని నిలబడగలిగాడంటే అతని స్థాయి వేరు. అప్పుడే జట్టులోకి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ ధైర్యం ఎక్కడ నుంచి వస్తుంది?

నిషేధం వస్తే అన్నీ చక్కబడతాయని నేను అనను. ఇటలీ ఫుట్‌బాల్ ఆటగాడు సాండ్రో టొనాలి 2023 అక్టోబర్‌లో అక్రమ సైట్లలో పందేలు కాసినందుకు పది నెలల నిషేధానికి గురయ్యాడు. అప్పటికి ఇటలీలో ప్రకటనలు ఆగిపోయి నాలుగేళ్లు దాటింది. ప్రకటన లేనంత మాత్రాన వ్యసనం పోదు. ప్రకటనలు ఆపితే జనం అక్రమ యాప్‌ల వైపు పోతారని కంపెనీలు అంటాయి. లైసెన్సులున్న బ్రిటన్‌లో ఆ వాదనకు కొంత బలం ఉంది, అక్కడ ప్రకటన జనాన్ని లైసెన్సున్న కంపెనీ దగ్గరికి తీసుకెళ్తుంది. మన దగ్గర క్రికెట్ బెట్టింగ్‌కు లైసెన్సే లేదు. ఆన్‌లైన్‌లో డబ్బు గేము ఏదీ చట్టబద్ధం కాదు. అలాంటప్పుడు మైదానంలో కనిపించే ఏ బెట్టింగ్ పేరైనా జనాన్ని తీసుకెళ్లేది అక్రమం దగ్గరికే.

వ్యాపార ప్రకటన కూడా భావప్రకటనా స్వేచ్ఛేనని 1995లో టాటా ప్రెస్ కేసులో సుప్రీంకోర్టు అంది, నిజమే. కానీ జూదం రాజ్యాంగం కాపాడే వ్యాపారం కాదని 1957లోనే చమర్‌బాగ్‌వాలా కేసులో చెప్పింది. చట్టవిరుద్ధమైన వస్తువుకు ప్రకటన ఇచ్చే హక్కు ఎవరికీ లేదు. రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. స్పెయిన్ 2020లో ప్రభుత్వ డిక్రీతో కఠిన నియమాలు తెచ్చింది, 2021-22 సీజన్ నుంచి జెర్సీల మీద బెట్టింగ్ పేర్లు పోయాయి. ఆ డిక్రీలో ప్రకటనల మీద పెట్టిన కొన్ని నియమాలను 2024లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. అలాంటి ఆంక్షలకు పార్లమెంటు చేసిన చట్టం దన్ను కావాలంది. మన సమాచార శాఖ సలహా పత్రాలకు కూడా ఆ బలం తక్కువే. నెదర్లాండ్స్ 2025 జులై నుంచి క్రీడా స్పాన్సర్‌షిప్‌లనే ఆపేసింది. బెల్జియం అదే ఏడాది జనవరి నుంచి స్టేడియం ప్రకటనలు ఆపి, క్లబ్బుల స్పాన్సర్‌షిప్‌లకు 2028 దాకా గడువిచ్చింది. ముందే తేదీ చెప్పి దశలవారీగా చేసే ఆ పద్ధతి చిన్న క్లబ్బులకు ఊపిరి పీల్చుకునే సమయం ఇస్తుంది.

మన చట్టం చేయి చాలని చోటు ఒకటుంది, విదేశీ టోర్నీలు. దక్షిణాఫ్రికా టీ20 లీగ్ పేరులోనే బెట్‌వే ఉంది. మన ప్రభుత్వం పేరు పెట్టి హెచ్చరించిన కంపెనీల్లో అదొకటి. అందులో ఆడే సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్ యజమానులు, మన సన్‌రైజర్స్ హైదరాబాద్ యజమానులు ఒకరే. కేప్‌టౌన్‌లో బోర్డు పెట్టొద్దని మనం చెప్పలేం. మన ఇంట్లో కనిపించే ప్రసారం మీద మాత్రం చెప్పగలం. జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ బుండెస్‌లిగా మ్యాచుల్లో బౌండరీ బోర్డులను ప్రసారంలోనే కంప్యూటర్‌తో మార్చి, ఒక దేశంలో ఒక ప్రకటన, ఇంకో దేశంలో ఇంకో ప్రకటన చూపిస్తున్నారు. ఎక్కువ డబ్బు కోసం కనిపెట్టిన ఆ సాంకేతికతనే నిషేధం అమలుకు వాడుకోవచ్చు. ప్రసార హక్కుల అనుమతుల్లో ఆ షరతు పెట్టే అధికారం కేంద్రానిది.

రాష్ట్రాలు చేయగలిగింది తక్కువేం లేదు. 2025 మార్చిలో హైదరాబాద్ మెట్రో రైళ్ల మీద బెట్టింగ్ ప్రకటనలు కనబడి జనం నిలదీస్తే, వాటిని వెంటనే తీసేయాలని మెట్రో ఎండీ ఆదేశించారు. అప్పుడు ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ బెట్టింగ్ యాప్‌ల మీద ప్రచారం నడిపారు. సినీ నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు నమోదయ్యాయి. అదే చూపు స్టేడియాల మీద కూడా పడాలి. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం, ఎల్బీ స్టేడియం ప్రభుత్వ ఆస్తులు. గచ్చిబౌలిలో ప్రో కబడ్డీ జరిగినా, ఎల్బీ స్టేడియంలో లోకల్ లీగ్ జరిగినా గ్రౌండ్ అద్దెకిచ్చేది ప్రభుత్వమే. ఆ అద్దె ఒప్పందంలో ఒక పేరా చేర్చడానికి అసెంబ్లీ దాకా వెళ్లాల్సిన పనిలేదు. డబ్బు గేములు, బెట్టింగ్ సంస్థల పేరు గానీ, దాన్ని పోలిన పేరు, రంగు, గుర్తు గానీ బోర్డుల మీద, ఆటగాళ్ల దుస్తుల మీద, కిట్ల మీద, టికెట్ల మీద ఉండకూడదు, ఉంటే డిపాజిట్ పోతుంది అని రాయాలి. మ్యాచ్‌కు ముందు జెర్సీ నమూనా చూపించాలని అడగాలి. క్రికెట్‌లో లోగో ఎన్ని చదరపు అంగుళాలు ఉండాలో కొలిచి మరీ చూసే నియమాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆ కొలత చూసేవాళ్లే పేరు కూడా చూస్తారు.